ఇంటూ గుర్తుని వదిలేయకండి

మా అమ్మమ్మకి సంతకం రాదు. చేనేత సొసైటీలో అయినా, బ్యాంకులో అయినా, పింఛను ఇచ్చే చోటైనా బొటనవేలు ముందుకు చాపేది. గుమస్తా ఆ వేలు పట్టుకుని స్టాంపు ప్యాడ్ మీద నొక్కి కాగితం మీద దొర్లించేవాడు, ఆవిడ వేలికంటిన సిరాని తలకి తుడుచుకుని బయటికొచ్చేది. ముద్ర పక్కన 'నిశానీ' అని, ఆ పక్కన ఆవిడ పేరు, రెండూ గుమస్తా చేతిరాతే. చిన్నప్పుడు నాకది చాలా తలవంపుగా ఉండేది. చదువు రానివాళ్ళని వేలిముద్రగాళ్ళు అని వెక్కిరించే స్కూల్లో చదువుకున్నాను మరి, ఆవిడ పక్కన నిలబడాలంటేనే అదోలా ఉండేది. ఆ సిగ్గుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం కూడా అదే.

నేనుండేది ఇంగ్లండులో, పాత లాంకషైర్ ప్రాంతంలోని బోల్టన్ అనే ఊళ్ళో. ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు. నూలు మిల్లులకి ఆద్యుడని చెప్పే రిచర్డ్ ఆర్క్‌రైట్ యువకుడిగా మంగలి పని చేసింది ఇక్కడే, 1755లో మొదటి పెళ్ళి చేసుకుందీ ఇక్కడే. శామ్యూల్ క్రాంప్టన్ అనే అతను 1779లో మ్యూల్ అనే నూలు వడికే యంత్రాన్ని తయారుచేసింది ఈ ఊరి అంచునున్న హాల్ ఇ త్ వుడ్ అనే పాత ఇంట్లో. ఆ యంత్రాన్ని మొదట్లో 'మజ్లిన్ వీల్' అని కూడా పిలిచేవాళ్ళు, ఎందుకంటే మన దేశం నుంచి వచ్చే మజ్లిన్ బట్టకి సరితూగే సన్న నూలు ఇక్కడివాళ్ళకి మొదటిసారి దాంతోనే చేతికొచ్చింది. చీరాల వైపు మగ్గాల ఇంట్లో పుట్టిన నాకు ఈ ఊళ్ళో ఇల్లు దొరకడం ఏమిటా అని వచ్చిన కొత్తలో చాలాసార్లు అనుకున్నాను.

కొన్నేళ్ళుగా ఖాళీ ఉన్నప్పుడల్లా ఇక్కడి పాత చర్చి పెళ్ళిళ్ళ రిజిస్టర్లని కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో సాయం చేస్తున్నాను. ఫొటో తీసిన పేజీ పంపిస్తారు, అందులో ఉన్నది చూసి గళ్ళలో టైపు చెయ్యాలి, అంతే. మొదట కాలక్షేపంగా మొదలైంది, ఇప్పుడు కొన్ని రాత్రులు డ్యూటీ నుంచి వచ్చి కూడా ఒక పేజీ చెయ్యందే నిద్ర పట్టదు.

ఈ రిజిస్టర్ల సంగతి కాస్త చెప్పాలి. ఇంగ్లండులో ప్రతి పారిష్ (ఒక్కో చర్చి కిందికొచ్చే ప్రాంతం) చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు పుస్తకంలో రాయాలని 1538లోనే రాజాజ్ఞ వచ్చింది. కానీ రెండు వందల ఏళ్ళ పాటు పెళ్ళి అంటే ఒక తేదీ, రెండు పేర్లు, కొన్ని చోట్ల అదీ సరిగ్గా ఉండేది కాదు. దొంగచాటు పెళ్ళిళ్ళు ఎక్కువైపోతున్నాయని 1753లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, 1754 మార్చి 25 నుంచి అమలు. దాని ప్రకారం ఫలానా ఇద్దరికి పెళ్ళి అని మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి, లేదంటే లైసెన్సు తీసుకోవాలి. మన సి.ఎస్.ఐ. చర్చిల్లో ఇప్పటికీ "ఇది మొదటి ప్రకటన" అని చదువుతారు చూడండి, అదే పద్ధతి. పెళ్ళయ్యాక పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, ఇద్దరు సాక్షులు, పాదిరిగారు అందరూ పుస్తకంలో సంతకాలు పెట్టాలి. క్వేకర్లనే చిన్న క్రైస్తవ శాఖకీ, యూదులకీ, రాజకుటుంబానికీ తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. కేథలిక్కులైనా, మెథడిస్టులైనా పెళ్ళి మటుకు ఆంగ్లికన్ చర్చిలోనే చేసుకోవాలి, 1837 దాకా అంతే. అందుకే ఆ ఎనభై మూడేళ్ళ రిజిస్టర్లలో ఊరు ఊరంతా ఉంటుంది, ఏ మతశాఖ వాళ్ళైనా సరే.

సంతకం పెట్టాలన్న ఆ ఒక్క నియమమే నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. సంతకం రానివాళ్ళు ఏం చేస్తారు? పాదిరిగారో గుమస్తానో వాళ్ళ పేరు రాసి, పక్కన 'ఫలానా వారి గుర్తు' అని రాసి మధ్యలో కాస్త చోటు వదులుతారు. ఆ చోట్లో ఆ మనిషి కలం పట్టుకుని ఒక ఇంటూ గుర్తు పెడతాడు. కొన్ని నిటారుగా, కొన్ని పడిపోతున్నట్టు, కొన్నిచోట్ల కలం మరీ గట్టిగా నొక్కడం వల్ల సిరా మరకైపోయి ఉంటాయి. జీవితంలో కలం పట్టుకున్నది ఆ ఒక్కరోజేనేమో అనిపించే గీతలు. మొదటిసారి పేజీ నిండా అవి చూసినప్పుడు నాకు సొసైటీ బల్ల ముందు అమ్మమ్మ నిలబడ్డట్టే అనిపించింది.

అయితే, ఇంటర్నెట్‌లో కనిపించే ఎన్నో సూచికల్లో ఈ ఇంటూ గుర్తులు లేవు. పేరు, తేదీ, చర్చి, మహా అయితే తండ్రి పేరు. సాక్షులు లేరు. ఎవరు సంతకం పెట్టారు, ఎవరు గుర్తు పెట్టారు అన్నది లేదు. నేను మొదట పనిచేసిన చోట కూడా టైపు చెయ్యడానికి ఇచ్చిన ఫారంలో వాటికి గడే లేదు. అడిగితే, "వెతికేవాళ్ళకి కావల్సింది పేర్లే, మిగతాది కావాలంటే ఫొటో చూసుకుంటారు" అన్నారు. ఆ మాట అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వేలకొద్దీ పేజీలున్నాయి, చేసేవాళ్ళు కొద్దిమంది, త్వరగా అయిపోవాలన్న తొందర. అది నాకు అర్థమౌతుంది. కానీ ఆ మాట తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి సంగతి, ఫొటో అందరూ చూడలేరు. చాలా వాటికి డబ్బు కట్టాలి, కట్టి చూసినా ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ పోవాలి. "ఈ వీధిలో 1840లలో పెళ్ళి చేసుకున్న ఆడవాళ్ళలో ఎంతమంది సంతకం పెట్టారు" అనే ప్రశ్న ఫొటోని అడగలేం. టైపు చేసిన గడిని అడగొచ్చు. ఈ గుర్తులు లెక్కపెట్టడం నా పిచ్చి కాదు, ఇక్కడి ప్రభుత్వమే చేసింది. 1837 జూలై 1 నుంచి పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ కొత్త పద్ధతిలోకి మారాక, ఆ నమోదుని చూసే పెద్ద అధికారి, రిజిస్ట్రార్ జనరల్, ఏటా ఇచ్చే నివేదికల్లో ఎంతమంది గుర్తు పెట్టారో లెక్క వేసేవాడు. 1840ల మొదట్లో దేశం మొత్తం మీద పెళ్ళికొడుకుల్లో మూడో వంతు, పెళ్ళికూతుళ్ళలో దాదాపు సగం మంది గుర్తు పెట్టినవాళ్ళే. లాంకషైర్ మిల్లు ఊళ్ళలో ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఫ్యాక్టరీలు వచ్చిన తొలి తరంలో ఈ ప్రాంతంలో సంతకం చెయ్యగలిగినవాళ్ళు పెరక్కపోగా తగ్గారని చరిత్రకారులు తేల్చింది కూడా ఇవే రిజిస్టర్లలోని గుర్తులు లెక్కపెట్టి. యంత్రాలొచ్చాయి, ఊరు పెరిగింది, 1801లో సుమారు 17 వేల జనం ఉన్న బోల్టన్ 1851కి 61 వేలయింది, పిల్లలు బడికి కాక మిల్లుకి వెళ్ళారు. ఆ సంగతి మనకి చెప్పింది ఈ ఇంటూ గుర్తులే. వాటిని వదిలేస్తే సాక్ష్యం వదిలేసినట్టే.

గుర్తు పెట్టినవాళ్ళందరూ అక్షరం ముక్క రానివాళ్ళని అనుకోవడం కూడా సరికాదు. ఆ రోజుల్లో చదవడం వేరు, రాయడం వేరు. మిల్లు పిల్లలకి చదువు దొరికింది ఎక్కువగా ఆదివారం బడుల్లో. ఆదివారం బైబిలు చదవడం నేర్పొచ్చు గానీ రాయడం నేర్పితే అది విశ్రాంతి దినాన పని చేయించినట్టౌతుందని కొందరు మెథడిస్టులు పట్టుబట్టారు, దానిమీద పెద్ద పెద్ద గొడవలే జరిగాయి. కాబట్టి బైబిలు ధారాళంగా చదివే అమ్మాయి రిజిస్టర్లో ఇంటూ పెట్టి ఉండొచ్చు. మా అమ్మమ్మ కూడా అంతే. బస్సు మీద ఊరి పేరు చదివేది, పంచాంగంలో తిథి చదివేది, కలం ఇస్తే మటుకు చెయ్యి వెనక్కి లాక్కునేది.

సాక్షుల సంగతికొస్తాను. సాక్షుల గడిలో ఒకే పేరు పేజీ తర్వాత పేజీ కనిపిస్తే అతను చర్చి గుమస్తా అని అర్థం, ఎవరూ తోడు రాకపోతే అతనే సంతకం పెట్టేవాడు. రెండో సాక్షి ఎవరో అన్నది చూడాలి. చాలాసార్లు అక్కో, చెల్లో, మిల్లులో పక్క మగ్గం మీద పనిచేసే అమ్మాయో. ఆ సాక్షే రెండు నెలల తర్వాత అదే పుస్తకంలో పెళ్ళికూతురై వస్తుంది, ఇప్పుడు మొదటామె సాక్షి. ఇలాంటివి చూసినప్పుడు నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది, ఎందుకో చెప్పలేను. ఈ స్నేహాల గురించి ఇంకే కాగితంలోనూ ఉండదు. పేర్లు మాత్రమే ఎక్కించే సూచికలో అయితే ఆ స్నేహితురాలు అసలు లేనే లేదు.

1837 తర్వాతి పేజీకి రెండు పెళ్ళిళ్ళు. గళ్ళు అచ్చువేసి ఉంటాయి: తేదీ, పేర్లు, వయసు, అంతకుముందు పెళ్ళయిందా లేదా, హోదా లేక వృత్తి, ఎక్కడ ఉంటున్నారు, తండ్రి పేరు, తండ్రి వృత్తి. వయసు గడిలో చాలాచోట్ల అంకె ఉండదు, 'నిండు వయసు' అని మాత్రం ఉంటుంది, అంటే ఇరవయ్యొకటి దాటాయని. ఇద్దరి చిరునామా ఒకటే అని కనిపిస్తే తొందరపడి ఏదో అనుకోకూడదు. రెండు పారిష్‌లలో ప్రకటన చదివిస్తే రెండు చోట్లా డబ్బు కట్టాలి, అందుకని ఒకే చిరునామా చెప్పేవాళ్ళు చాలామంది. పెద్ద ఊళ్ళో ఎవరు ఎవర్ని అడుగుతారు? ఇంకో రకం వాళ్ళు కూడా పెద్ద ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. భార్య చనిపోతే ఆమె చెల్లెల్ని పెళ్ళి చేసుకోవడం మన వైపు మామూలు సంగతి, పిల్లల్ని బాగా చూస్తుందని పెద్దలే కుదిర్చేవాళ్ళు. ఇంగ్లండులో 1835 నుంచి 1907 దాకా అలాంటి పెళ్ళి చెల్లదు. మేనత్త కూతుర్ని చేసుకోవచ్చు, చనిపోయిన భార్య చెల్లెల్ని చేసుకోకూడదు. అందుకే ఎవరికీ తెలియని చోటికి వెళ్ళి ప్రకటన చదివించుకునేవాళ్ళు.

సరే, ఆ గళ్ళలో వృత్తి గడి దగ్గర ఆగాలి. పెళ్ళికొడుకు పక్కన ఏదో ఒకటి ఉంటుంది. నేతగాడు, నూలు వడికేవాడు, తెగిన పోగులు అతికే పీసర్, బట్ట చలువ చేసేవాడు, బొగ్గు గని కూలీ. పెళ్ళికూతురు పక్కన? ఎక్కువసార్లు ఒక అడ్డగీత. కొన్నిసార్లు అదీ లేదు, ఖాళీ. ఊరు ఊరంతా ఆడవాళ్ళు మిల్లుల్లో పొద్దున చీకటితో వెళ్ళి రాత్రి చీకటితో వచ్చే రోజులు అవి. 1851 సెన్సస్ తీసి చూస్తే అదే వయసు అమ్మాయిలు వీధి వీధంతా పవర్‌లూమ్ నేతపనివాళ్ళు, నూలు చుట్టే వైండర్లు, దూది ఏకే కార్డ్ రూంలో పనిచేసేవాళ్ళు. పెళ్ళి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి పనే లేదు! ఒక పాదిరి ఉన్నప్పుడు వరసగా అందరు పెళ్ళికూతుళ్ళకీ వృత్తి రాసి ఉంటుంది, ఆయన వెళ్ళి ఇంకొకాయన రాగానే మళ్ళీ గీతలు మొదలౌతాయి. అంటే ఆ అమ్మాయిల పని మారలేదు, అడిగే మనిషి మారాడు.

ఇది చదివి మగ్గాల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి కొత్తగా ఏమీ అనిపించదు. మా ఇంట్లో తాతయ్య నేతగాడు. గుంట మగ్గంలో కూర్చుని నాడె ఆడించేది ఆయనే. కానీ ఆ మగ్గం ఎక్కాలంటే ముందు ఆసు పోసి పడుగు పోగులు వరసగా పేర్చాలి, నాడెలో వేసే నూలు కండె ఎవరో చుట్టాలి, తెల్లవారక ముందే వీధిలో పడుగు చాపి గంజి పట్టించి సరి చెయ్యాలి. అమ్మమ్మ రాట్నం ముందు నుంచి లేవడం నేను చూడలేదు, వంట కూడా కండెల మధ్యలోనే. అయినా రేషన్ కార్డులో తాతయ్య నేత కార్మికుడు, అమ్మమ్మ గృహిణి. నేసేవాడికి గుర్తింపు కార్డు, కండెలు చుట్టేదానికి ఏమీ ఉండేది కాదు. బోల్టన్‌లో చేతిమగ్గాల కాలంలో కూడా ఇంట్లో కండెలు చుట్టింది ఆడవాళ్ళూ పిల్లలే. పవర్‌లూమ్‌లు వచ్చాక వాళ్ళ మగ్గాలూ పోయాయి, ఒకప్పుడు బాగా బతికిన చేతిమగ్గం వాళ్ళు 1830లు వచ్చేసరికి తిండికి కూడా చాలని కూలికి నేశారు. లాంకషైర్ మనని ముంచిందని మనం చెప్పుకుంటాం, నిజమే, కానీ ముందు తన నేతగాళ్ళనే ముంచింది. రిజిస్టర్లలో తండ్రి గడిలో 'నేతగాడు', కొడుకు గడిలో 'గని కూలీ' అని వచ్చే పేజీలు టైపు చేస్తుంటే చేతులు నెమ్మదిస్తాయి.

తల్లికి అసలు గడే లేదు. 1837లో అచ్చు వేసిన ఆ ఫారంలో తండ్రి పేరు, తండ్రి వృత్తి, అంతే. ఇంగ్లండులో పెళ్ళి రికార్డుల్లో తల్లి పేరు చేరింది 2021 మే 4న. నూట ఎనభై నాలుగేళ్ళు పట్టింది. క్రాంప్టన్ సంగతే తీసుకోండి. అయిదారేళ్ళ వయసులో తండ్రి పోతే పెంచి పెద్దచేసింది తల్లి బెట్టీ. నూలు వడకడం, నెయ్యడం ఇంట్లో ఆమె దగ్గరే నేర్చుకున్నాడు, రోజుకి ఇంత నెయ్యాలని లెక్క పెట్టి నేయించేది. ప్రపంచాన్ని మార్చిన మ్యూల్ యంత్రం ఆమె ఇంట్లో పుట్టింది. అతను 1780లో పెళ్ళి చేసుకున్నాడు, అప్పటికి రిజిస్టర్లో తల్లిదండ్రుల గడులే లేవు. ఒకవేళ అరవై ఏళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే, ఎప్పుడో చనిపోయిన తండ్రికి చోటుండేది, బెట్టీకి ఉండేది కాదు.

ఆ గడి అక్కడితో ఆగిపోలేదు. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్ళిళ్ళు నమోదు చేసే ఫారం దాదాపు ఇదే వరసలో ఉంటుంది. వయసు, స్థితి, హోదా లేక వృత్తి, నివాసం, తండ్రి పేరు. గుంటూరులోనో ఏలూరులోనో చర్చిలో పెళ్ళి చేసుకున్న మన వాళ్ళ రిజిస్టర్ చూడండి, బోల్టన్ పాదిరి ముందున్న ప్రశ్నలే అక్కడా ఉంటాయి. ప్రశ్న ఎవరో ఒకరు ఎక్కడో కూర్చుని రాస్తారు, జవాబు లేని మనుషులు మటుకు ఊరూరా తయారౌతారు.

"పాతకాలం కదా, వాళ్ళు అడగలేదు, మనమేం చేస్తాం" అని అంటారు. వాళ్ళు అడగనిది మనం ఇప్పుడు రాయలేం, ఒప్పుకుంటాను. కానీ ఖాళీ ఉంది అన్న సంగతి రాయొచ్చు కదా. పెళ్ళికూతురి వృత్తి గడిలో గీత ఉంటే గీత అని, ఏమీ లేకపోతే ఖాళీ అని. తండ్రి గడి ఖాళీగా ఉంటే అదీ. అడిగి లేదని రాసినదానికీ, అసలు రాయనిదానికీ తేడా ఉంది, ఇప్పుడు టైపు చేసేవాడు ఆ గడిని తీసేస్తే ఆ తేడా శాశ్వతంగా పోతుంది. అప్పటి పాదిరి కనీసం గడి ముందు కలం పట్టుకుని ఒక్క క్షణమైనా ఆగాడు. మనం ఆ క్షణాన్ని కూడా చెరిపేస్తున్నాం.

సరిగ్గా చేస్తున్నవాళ్ళు లేకపోలేదు. లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అనే వాలంటీర్ల ప్రాజెక్టు ఉంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో వృత్తి, నివాసం, సాక్షులు, ప్రకటన మీద జరిగిందా లైసెన్సు మీద జరిగిందా అన్నది, సంతకం రాక గుర్తు పెట్టినవాళ్ళ పక్కన ఇంటూ గుర్తు, అన్నీ ఎక్కిస్తారు. పని నెమ్మదిగా సాగుతుంది, అయినా అదే పని చేసే పద్ధతి. నా లెక్కలో సాక్షులనీ గుర్తులనీ ఎక్కించడానికి ఒక్కో పెళ్ళికి అదనంగా ఒక నిమిషం పడుతుంది, రాత మరీ గజిబిజిగా ఉంటే రెండు. ఆ నిమిషం గురించే నేను ఇంతసేపు వాదిస్తున్నాను. మన దగ్గర కూడా పాత చర్చి పుస్తకాలు, సొసైటీ చిట్టాలు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దస్తావేజులు స్కాన్ చేసే పనులు మొదలౌతున్నాయి. ఆ పనుల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతాను, వేలిముద్ర ఉన్నచోట "వేలిముద్ర" అని ఎక్కించండి, రాసిన గుమస్తా పేరు ఉంటే అదీ ఎక్కించండి.

మేం కొందరం ఇప్పుడు మా ఫారంలో మూడు గళ్ళు చేర్చుకున్నాం. నిన్న రాత్రి చేసిన పేజీలో పెళ్ళికొడుకు సంతకం పెట్టాడు, వంకరగా, పేరులో ఒక అక్షరం మర్చిపోయి పైన ఇరికించి. పెళ్ళికూతురు ఇంటూ. ఆమె తరఫు సాక్షి, ఇంటిపేరు ఒకటే కాబట్టి అక్కో చెల్లో అయుంటుంది, ఆమె కూడా ఇంటూ, పెళ్ళికూతురి గుర్తు కంటే పెద్దది, గీతలు గడి దాటి కింద అచ్చు అక్షరాల మీదకి వెళ్ళాయి. పెళ్ళికూతురి వృత్తి, అడ్డగీత. ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, తర్వాత పేజీ తెరిచాను.